శ్రీ కింద రాసిన రేటు

కబురు వచ్చేసరికి సూర్యప్రభ టిఫిన్ డబ్బా మూత తీసి తనలో తను నవ్వుకుంటోంది. పెళ్లయి డెబ్బై రెండు రోజులు. పొద్దున్నే డబ్బా కట్టే పని శేఖర్ తనంతట తనే మీద వేసుకున్నాడు. ఇవాళ ఉప్మా మీద జీడిపప్పులతో కళ్లూ ముక్కూ అమర్చాడు. దారిలో ఒక కన్ను జారి మూతకు అతుక్కుంది. ఆ కంటిని వేలితో తీసి నోట్లో వేసుకోబోతుండగా ఫోన్ మోగింది. ఆఫీసు గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది.

"అక్కా, ఆర్డర్ ఒచ్చింది," అంది లాయర్ సింధు ఆయాసపడుతూ. "అసలు ఉత్తరం చూడనిస్తరట. ఇయ్యాల పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా, ఎల్‌బీ నగర్ కోర్టు రికార్డు గదిల. నాలుగింటికి దుకాణం సుత తెరుస్తరు. రేపు పదిన్నరకు మన పిటిషన్ మీద విచారణ."

"అరగంటనేనా?"

"ఎనిమిదేండ్లకు అరగంట దొరికింది. సంబరపడు జర."

ఇల్లు అలకగానే పండగ కాదని సూర్యప్రభకు తెలుసు. అయినా ఫోన్ పెట్టేసి ఎదురుగా బెంచీ మీద కూర్చున్న విజయశ్రీకి ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఉత్సాహం దాగలేదు. విజయశ్రీ నవ్వలేదు. కొంగు చివర ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది.

"అసలు కాయితమంటే... పై అంచు సుత కనవడ్తదా మేడం?"

"అన్నీ కనవడ్తయ్. పద."

విజయశ్రీ భర్త ఉపేందర్ యావజ్జీవ శిక్ష పడి జైల్లో ఉన్నాడు. రేపటి విచారణలో కేసు మళ్లీ తెరవమని అడగబోతున్నారు. తెరవకపోతే ఇక పైన తట్టడానికి తలుపు లేదు.

కేసు సంగతి చెప్పాలంటే ఎక్కువ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దశరథ అనే పట్టు నూలు వ్యాపారి ఉండేవాడు. ఉజ్బెకిస్తాన్ నుంచి నూలు తెప్పించి పోచంపల్లి నేతగాళ్లకు అమ్మేవాడు. ఉపేందర్ ఆ నూలుకు రంగులు వేసేవాడు. రెండు వేల పదిహేడు సెప్టెంబర్ నాలుగు, సోమవారం సాయంత్రం ఆరూ ఎనిమిది మధ్య దుకాణం వెనక గదిలో ఎవరో దశరథ తలను తూకపు రాయితో పగలగొట్టారు. మర్నాడు వినాయక నిమజ్జనం. బజారంతా మూతపడింది కాబట్టి శవాన్ని మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు. ఆరో తేదీన సొరుగులో ఒక ఉత్తరం దొరికిందని పోలీసులు పంచనామా రాశారు. నాలుగో తేదీ వేసి, తమ్ముడు అశోక్‌కు దశరథ రాసినట్టున్న ఉత్తరం: "ఉపేందర్ నన్ను చంపుతానని బెదిరించాడు. నాకేమైనా జరిగితే వాడే కారణం." చేతిరాత నిపుణుడు దుకాణం బిల్లు పుస్తకాలతో పోల్చి చూసి, ఒకే చెయ్యి అని తేల్చాడు. ఉపేందర్ మెడకు ఉచ్చు బిగించింది ఆ ఒక్క కాగితమే.

సూర్యప్రభ ఇన్నాళ్లూ చూసింది దాని జిరాక్సు. పై రెండంగుళాలు అందులో రాలేదు. ఫైలు దారం, కోర్టు ముద్ర కలిసి ఆ మేరకు మింగేశాయి. ఆమెకు కావలసింది సరిగ్గా ఆ రెండంగుళాలే.

డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఆమె ఒక బ్యాంకులో విదేశీ డబ్బు మార్చే కౌంటర్లో ఎనిమిదేళ్లు పనిచేసింది. అందుకే మూడు వారాలు కూర్చుని దశరథ బిల్లు పుస్తకాలు తిరగేసినప్పుడు, ఇంకొకరు దాటిపోయే సంగతి ఒకటి ఆమె కంటపడింది. అందరూ కాగితం మీద శ్రీ రాసి మొదలుపెడతారు. దశరథ దుకాణంలో శ్రీ కింద ఆ రోజు రేటు కూడా పడాల్సిందే. మన రూపాయికి ఉజ్బెకిస్తాన్ డబ్బు, అంటే సోమ్‌లు, ఎన్ని వస్తాయన్నది. బిల్లయినా, రసీదయినా, టీ కొట్టుకు పంపే చీటీ అయినా సరే. రేటు వేయని కాగితం దుకాణం గడప దాటితే లక్ష్మి వెంట వెళ్లిపోతుందని ఆయన నమ్మకం.

*

రికార్డు గదిలో ఆమెకంటే ముందే రవితేజ కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, మడత నలగని ప్యాంటు. ఎనిమిదేళ్ల కింద ఈ కేసు పట్టిన ఎస్సై ఆయనే. తర్వాత ఉద్యోగం వదిలి ఎల్‌బీ నగర్‌లో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచాడు. ఇప్పుడు అశోక్ తరఫున వచ్చాడు.

"రండి రండి సూర్యప్రభగారూ. కొత్త పెళ్లికూతురు, మండుటెండలో వచ్చారు. హాయిగా ఇంట్లో కూర్చుని మావారికేం వండాలా అని ఆలోచించుకునే రోజుల్లో మీకీ పాత శవాల గోలెందుకండీ?"

"వంట మా ఆయన జేస్తడు సార్. అందుకే నాకు టైం దొరికింది."

రికార్డు గుమాస్తా గోపయ్య మీసం చాటున నవ్వి ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు. "ముట్టద్దమ్మా. చూసుడే."

సూర్యప్రభ భూతద్దం వంచింది. నీలం సిరా. నడిమధ్యన శ్రీ. దాని కింద, కోర్టు ముద్ర అంచుకు ఆనుకుని, చిన్న అంకెలు: 1 = 123.04.

ఆమె అంకెలను రెండుసార్లు చదివి భూతద్దం దించింది. ముఖం మాత్రం మార్చుకోలేదు.

"సార్, దశరథ పోయిన నాడు బ్యాంకు రేటు అరవై ఆరు దగ్గర్నే ఉండె. తెల్లారి, అయిదో తారీఖున, ఉజ్బెకిస్తానోళ్లు వాళ్ల డబ్బు విలువను ఒక్కపారే సగానికి కోసిన్రు. అప్పట్నుంచే నూట ఇరవై దాటింది. నాలుగో తారీఖున సచ్చిపోయినాయనకు నూట ఇరవై మూడు ఎట్ల తెలిసింది?"

గోపయ్య చేతిలో పెన్ను ఆగింది. రవితేజ తొణకలేదు. అరటిపండు ఒలిచినంత తీరిగ్గా జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మీరు ఇది పట్టుకొస్తారని అనుకుంటూనే ఉన్నానండీ. కోత పడకముందు అక్కడ రెండు రేట్లుండేవి. బ్యాంకుదొకటి, బజారుదొకటి. బజారులో అప్పటికే రెట్టింపు నడుస్తోంది. దశరథ వ్యాపారి కదండీ, బజారు రేటే రాసుకున్నాడు. ఇందులో మిస్టరీ ఏముంది?"

"అంటే గా అంకె దశరథనే రాసిండంటరు."

"ముమ్మాటికీ."

"మీరు ఆరో తారీఖున సొరుగుల నుంచి తీసినప్పుడే ఉండెనంటరు."

"నా చేత్తో తీశానండీ. నేను చూడకపోతే ఎవరు చూస్తారు?"

"నాకు జర యాది తక్కువ సార్. రేపు కోర్టుల మీరొకటి, నేనొకటి చెప్తే బాగుండదు. రాసిస్తరా?"

రవితేజ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆడపిల్ల వాదన తన దగ్గరే చచ్చిపోయిందన్న తృప్తి అతని పెదవి చివర కదిలింది. తెల్ల కాగితం లాక్కుని చకచకా రాశాడు: ఉత్తరంపై ఉన్న 123.04 దశరథ స్వయంగా వేసిన బజారు రేటు, తాను సెప్టెంబర్ ఆరున స్వాధీనం చేసుకున్నప్పుడు అది దానిపై ఉంది. సంతకం. పన్నెండూ ఇరవై రెండు. సాక్షిగా గోపయ్య సంతకం. అసలు ఫైలుకు, నకలు సూర్యప్రభకు.

"ఫ్రేము కట్టించుకోండి," అన్నాడు లేస్తూ.

"కట్టిస్త సార్."

మెట్లు దిగి, విజయశ్రీ కాచుకుని ఉన్న వేపచెట్టు నీడలోకి వచ్చాక ఆమె బ్యాగులోంచి రెండు కాగితాలు తీసింది. మొదటిది నాలుగో తేదీ పొద్దున దశరథ దుకాణం ఇచ్చిన బిల్లు నకలు. శ్రీ కింద 65.79. పొద్దున బ్యాంకు రేటు వేసిన దుకాణం సాయంత్రానికి బజారు రేటు వేస్తుందా? పైగా బజారులో రేటు చెప్పేవాడు నూట ఇరవై అంటాడు, నూట ఇరవై అయిదంటాడు. చుక్క పెట్టి సున్నా నాలుగు అని చెప్పడు.

రెండో కాగితం ఇంకా పదునైనది. ఆ ఏడు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా రూపాయికి సోమ్ రేటు, రోజువారీ పట్టిక. కోత పడిన రోజు నూట ఇరవై ఆరు పైన. నెలాఖరుకు మన రూపాయి కూడా నీరసపడి మెల్లగా దిగింది. ఆమె వేలు వరసలు దిగుతూ పోయింది. 123.04 మొత్తం పట్టికలో ఒక్కచోటే ఉంది. సెప్టెంబర్ ఇరవై ఎనిమిది, గురువారం.

మనిషి పోయిన ఇరవై నాలుగో రోజు. ఉత్తరం "దొరికిన" ఇరవై రెండో రోజు.

"విజయా, ఇది ఒక్క దొంగ ఉత్తరం కాదు. పంచనామా సుత దొంగదే. కంచె చేను మేసింది. ఆ దినం దుకాణానికి పోలీసు సీలు ఉండె. తాళంచెవి ఎస్సై తాన. ఇరవై ఎనిమిది అంటే ఏం రోజో యాదికుందా?"

"సద్దుల బతుకమ్మ," అంది విజయశ్రీ వెంటనే. అన్నాక, ఆ మాట నోరు జారినట్టుగా పెదవులు బిగించింది.

*

నాలుగింటికి దుకాణం ముందు రవితేజ తాళంచెవి గుత్తి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. అశోక్ ఎల్‌బీ నగర్‌లో పెద్ద షోరూమ్ పెట్టాక ఈ పాత దుకాణం ఇనుప షట్టరు వెనక తుప్పు పడుతోంది. గడప మెట్ల మీద అండాలమ్మ పూల గంప. పండ్ల మార్కెట్ ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉన్న రోజుల నుంచీ ఆమె చోటు అదే. విజయశ్రీ మెట్లెక్కలేదు. రోడ్డవతల చెరకు రసం బండి పక్కన నిలబడిపోయింది.

"ఇరవై నిమిషాలండీ," అన్నాడు రవితేజ షట్టరు ఎత్తుతూ. "నాకు వేరే పనులున్నాయి."

లోపల చచ్చిన ఎలుక వాసన. ముందు గదిలో గల్లాపెట్టె, తూకం, ఖాళీ అరలు. వెనక గదికి తలుపు లేదు, గొళ్లెం విరిగిన చౌకట్టు మాత్రమే. సిమెంటు నేల మీద మరక కడిగిన చోటు చుట్టుపక్కల కంటే తెల్లగా ఉంది. సూర్యప్రభ ఆ తెలుపును తొక్కకుండా దాటింది. వెనక గదిలో వెలుతురు వచ్చే దారి ఒక్క జాలీ కిటికీ. దాని కిందే రాత బల్ల. దుకాణం వీధి మూల మీదిది కావడంతో కిటికీ వీధి వైపే తెరుచుకుంటుంది, మెట్ల మీద కూర్చున్నవాళ్ల తల ఎత్తుకు. ఈ బల్ల దగ్గర కూర్చుని దీపం వేసుకుని ఎవరు రాసినా మెట్ల మీది మనిషికి కనపడతారు.

ఆమె కళ్లు గల్లాపెట్టె పైన గోడ మీదికి వెళ్లాయి. లక్ష్మీదేవి పటం చుట్టూ ఏటేటా దీపావళికి పసుపు, కుంకుమలతో రాసిన "శ్రీ లాభం", సంవత్సరం అంకెలు. పదమూడు వరసలు. పూజనాడు గోడ మీద యజమాని తప్ప ఇంకొకరు రాయరు. పెద్ద పెద్ద అక్షరాలు, ఒకదాని మీదికి ఒకటి ఒరిగిపోయి, వణికిన గీతలు. చివరి నాలుగైదేళ్లవైతే చూపు ఆననివాడు తడుముకుంటూ రాసినట్టున్నాయి.

ఫోన్‌లో బిల్లు పుస్తకం ఫొటో తెరిచి పక్కన పెట్టి చూసింది. ముత్యాల్లాంటి గుండ్రటి రాత. పోలికే లేదు.

చేతిరాత నిపుణుడు అబద్ధం చెప్పలేదు. ఉత్తరం, బిల్లు పుస్తకాలు ఒకే చెయ్యి. కాకపోతే ఆ చెయ్యి దశరథది కాదు.

"గోడల మీద కూడా రేట్లు దొరికాయా?" రవితేజ సరిగ్గా వెనక నిలబడ్డాడు.

"పండగ రాతలు సార్. ముచ్చటగున్నయ్."

"ముచ్చట్లు తర్వాత. టైమైపోయింది."

షట్టరు దించి తాళం వేసి, అతను మెట్ల మీద ఒక్క క్షణం ఆగాడు. అండాలమ్మ గంపలోంచి ఒక బంతిపువ్వు తీసి వాసన చూసి మళ్లీ పడేశాడు.

"ఏం అవ్వా, బేరాలు బాగున్నాయా? ఈ మెట్లు అశోక్‌గారివి. ఎవరితోనైనా ఎక్కువ మాట్లాడావనుకో, రేపట్నుంచి గంప ఎక్కడ పెట్టుకుంటావో చూసుకో."

అండాలమ్మ తల ఎత్తలేదు. మూర కొలిచే చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. అతని కారు మలుపు తిరిగేదాకా ఆగి సూర్యప్రభ ఆమె పక్కన కూలబడింది.

"రెండు మూరలియ్యి అవ్వా. మల్లెలు."

"నీ మొగనికి పూలంటే మంచిగనిపిస్తదా?" ఆ ముసలి కళ్లు కొత్త పసుపుతాడును ఇట్టే పట్టేశాయి.

"చెవుల పెట్టుకోనిస్తే పెట్టుకుంటడు. అవ్వా, ఒక్క మాట. దశరథ సేటు పోయిన ఏడు, సద్దుల నాడు నువ్వు ఈడనే ఉంటివా?"

"సద్దుల నాడు పూలమ్మెటోళ్లు ఇంకేడుంటరు? తంగేడు, గునుగు, గంపలకు గంపలు ఒడిసినయ్."

"సీలున్న దుకాణంల దీపం ఎలిగిందా?"

అండాలమ్మ పూలు మాల కడుతూనే ఉంది. దారం బిగించి పళ్లతో కొరికింది.

"గా సారే నన్ను మెట్ల మీదికెళ్లి లేపిండు. పొద్దుగూకే యాళ్ల. అశోక్ సేటుండె. ఎన్కకెళ్లి..." ఆగిపోయింది.

"ఎన్కకెళ్లి ఎవరు?"

"నాకెందుకు బిడ్డా. ఎనిమిదేండ్లు నోరు మూసుకున్న."

"సరే. ఇంకోటడుగుత, దాంట్ల భయం లేదు. దశరథ సేటు కండ్లు అగుపడకపోతుండె గదా. బిల్లులెవరు రాస్తుండిరి?"

"అయ్యో, అది నీకు తెల్వదా?" అండాలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. కొడవలి లాంటి వేలితో రోడ్డవతల చూపించింది. "విజయనే గదా. సేటు నోటితోని చెప్పెటోడు, ఆ పిల్ల రాసెటిది. పదకొండేండ్లు రాసింది." గొంతు తగ్గించింది. "సద్దుల నాడు సుత బల్లకాడ కూసున్నది ఆ పిల్లనే. మిగిలిన పూలకు మళ్ల ఒస్తే జాలీలకెళ్లి కనవడ్డది, ఏడ్సుకుంట రాస్తుండె."

చెరకు బండి గజ్జెలు గలగలమంటున్నాయి. సూర్యప్రభ పూల పొట్లం చేతిలో పట్టుకుని రోడ్డు దాటింది. అయిదూ పది. దుకాణంలో నూలు లెక్కపెట్టేదాన్ని అని మాత్రమే చెప్పిన మనిషి, పై అంచు కనబడుతుందా అని పొద్దున అడిగిన మనిషి, ఆమె నడకను చూసే అంతా గ్రహించింది. పారిపోలేదు.

"నువ్వే రాసినవ్," అంది సూర్యప్రభ.

"నేనే రాసిన."

"నీ మొగని మీద."

విజయశ్రీ గ్లాసు బండి మీద పెట్టింది. అందులో రసం అలాగే ఉంది.

"మా బిడ్డకు అప్పుడు నాలుగేండ్లు మేడం. పిల్లను జీపుల కూసోవెట్టిన్రు. రాయకపోతే నిన్ను సుత లోపలేస్త, పిల్లను అనాథ ఆశ్రమంల ఏస్త అన్నడు ఎస్సై. రాస్తే ఆర్నెల్లల్ల మీ ఆయనను ఇడిపిస్తనన్నడు. సేటును ఎవరు సంపిన్రో అశోక్ సేటు మొకం జూస్తెనే తెలుస్తుండె. అన్న పోతే దుకాణమంత ఆయనకే గద."

"రేటు?"

"శ్రీ కింద రేటు ఎయ్యకపోతే సేటు కాయితం కాదని అందరికి తెలుస్తదని నేనే అన్న. ఎయ్యి మరి అన్నరు. అశోక్ సేటుకు మలక్‌పేట గుర్రప్పందాల రేట్లు తప్ప గీ రేట్లు ఏం తెలుసు? ఎస్సైకి అసలే తెల్వదు. వాళ్ల ముంగటనే ఫోన్ తీసి సూసిన. నాలుగో తారీఖుది కాదు, ఆ దినందే ఏసిన."

పొరపాటు అనుకున్నది పొరపాటు కాదు. ఇద్దరు మగవాళ్లు తల మీద నిలబడి ఉండగా, అబద్ధం నిండా రాయిస్తున్న కాగితంలో ఈమె ఒక్క నిజం దాచిపెట్టింది. దాచి, ఎవరైనా చదువుతారని ఎనిమిదేళ్లు ఎదురుచూసింది.

"అప్పుడే కోర్టుల చెప్పకపోతివి."

"చెప్పాలనే పోయిన. జిరాక్సుల పై అంచు లేదు. నేను దొంగ ఉత్తరం రాసిన్నని ఉత్త నోటితోని చెప్తే ఎవరు నమ్ముతరు? మొగన్ని ఇడిపిచ్చుకునేటందుకు అబద్ధమాడుతుందంటరు. పిల్ల యాదికొచ్చింది. ఇంటికొచ్చిన." ఆమె తన కుడి చేతిని చూసుకుంది. "ఆ తర్వాత పెన్ను పట్టలే."

ఫోన్ మోగింది. సింధు.

"అక్కా, ఏం జేసినవ్? రవితేజ మళ్ల రికార్డు గదికి పోయిండట. పన్నెండింటికి రాసిచ్చిన కాయితం వాపస్ ఇయ్యమని గోపయ్య మీదికి లేసిండట. గోపయ్య ఇయ్యలే, అది అప్పుడే ఫైలుకెక్కింది. ఎవరికో ఫోన్ చేసి, రేట్ల పట్టిక తెప్పిచ్చుకుని చూసిండంటున్నరు."

అంటే అతనికి ఇరవై ఎనిమిదో తేదీ తెలిసిపోయింది. ఆ రోజు బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో అతనికి ముందే తెలుసు. సూర్యప్రభ చటుక్కున మలుపు వైపు చూసింది. ఇందాక వెళ్లిపోయిన కారు మళ్లీ వచ్చి, దుకాణానికి నాలుగు గజాల దూరంలో, ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. అద్దాలు పైకెత్తి ఉన్నాయి.

"విజయా, అటు చూడకు. పిల్ల ఏడుంది?"

"ట్యూషన్ల. ఆరింటికి ఇడుస్తరు."

"మనం ముందుగాల ఆడికే పోతున్నం. అవ్వను సుత ఎక్కిచ్చుకుందాం. ఈ రాత్రి మీరు ముగ్గురు బడంగ్‌పేట్‌ల మా ఇంట్ల ఉంటరు." ఆమె చెయ్యి ఊపి ఆటోను ఆపింది. "ఇప్పుడే చెప్తున్న, ఇను. రేపు నువ్వు నోరిప్పితే మీ ఆయన బయటికొస్తడు. నువ్వు లోపలికి పోవచ్చు. పిల్ల సంగతి ఆలోచించుకో. ఒద్దంటే పట్టిక, అవ్వ సాక్ష్యం తోనే కొట్లాడుత. గెలుస్తనో లేదో మాత్రం చెప్పలేను."

విజయశ్రీ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. కారు నెమ్మదిగా కదిలింది.

"రేపు ఆయనను సుత కోర్టుకు తెస్తరా మేడం?"

"తెస్తరు. పదింటికి జైలు వ్యాను ఒస్తది."

"ఆయనకు సదువు రాదు, కోర్టు మాటలు అర్థం కాలే. ఇప్పటికి తెల్వదు, రాసింది నేనని. జైలుకు ములాఖత్‌కు పోయినప్పుడల్ల, సేటు నా మీద గట్ల ఎందుకు రాసిండో అని నన్నే అడుగుతడు." ఆమె ఆటోలో ఎక్కి కూర్చుంది. "పొద్దున తొమ్మిదిన్నరకే తీస్కపోండ్రి నన్ను. వ్యాను దిగంగనే ఆయనకు చెప్త. పదిన్నరకు జడ్జి సారుకు చెప్త."